మళ్ళీ వేయిస్తున్నాం

జనవరి 9

అత్తా,

ముందు ఒక వార్త, తర్వాత నా గోడు, చివర్న ఒక సాయం. ఈ వరసలోనే చదువు, ముందు చివరికి వెళ్ళిపోకు.

వార్త ఏమిటంటే నన్ను లెక్కల పుస్తకాల నుంచి పిల్లల బొమ్మల పుస్తకాలకి మార్చారు. పదకొండేళ్ళుగా త్రిభుజాల కోణాలు కలిపి నూట ఎనభై వస్తుందో లేదో చూసుకుంటూ బతికినదాన్ని. ఇప్పుడు బొమ్మల విభాగం సంపాదకురాలినట. మా ప్రచురణ సంస్థ పెద్దాయన ఇచ్చిన కారణం ఒక్కటే: "నువ్వు బొమ్మలత్త మేనకోడలివి కదమ్మా, నీకు కొత్తగా నేర్పేదేముంది?" నీ చెయ్యి నాకు రక్తంలో వచ్చేసిందని ఆయన నమ్మకం. వృత్తలేఖిని లేకుండా నేను సున్నా కూడా చుట్టలేనని ఆయనకి ఎవరు చెప్తారు?

ఇక గోడు. నా కొత్త గది గోడ నిండా బొమ్మలే. ఇప్పుడు పని చేస్తున్న చిత్రకారులు ముప్పై మంది దాకా ఉన్నారు, తలా ఒక బొమ్మ అంటించి ఉంది. వచ్చిన ప్రతివాళ్ళూ "ఇది ఫలానా ఆయన చెయ్యి కదా" అని ఇట్టే చెప్పేస్తారు. నేను మూలకి వంగి సంతకం వెతుక్కుంటాను. మొదటిరోజే ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి ఆయన వేసిన ఏనుగుని తెగ పొగిడాను. అది ఆయన వేసింది కాదు. ఆయన కాఫీ పూర్తిగా తాగి, కప్పు నెమ్మదిగా పెట్టి వెళ్ళిపోయాడు.

సాయం: ఇప్పటివాళ్ళని నాకు పరిచయం చెయ్యి. ఫోనులో పంపితే నువ్వు చూడవని తెలుసు కాబట్టి అట్టముక్కల మధ్య పెట్టి ఐదుగురి బొమ్మలు పోస్టులో పంపుతున్నాను. వెనక పేర్లు రాయలేదు, ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేశాను. ఎవరి చెయ్యి ఎలాంటిదో, ఎలా గుర్తు పట్టాలో రాయి.

ఇంకో సంగతి. నువ్వు బొమ్మలు వేసిన 'గొడుగు మరచిన రోజు' ఈ ఏడాది మళ్ళీ తెస్తున్నాం. బొమ్మలు మళ్ళీ వేయిస్తున్నాం. ఆ పని కూడా నా నెత్తినే పడింది.

సున్నా చుట్టలేని,
నీ మేనకోడలు

*

జనవరి 20

లెక్కల పిల్లా,

నేను చివరి నుంచే చదివాను. బొమ్మలు మళ్ళీ వేయిస్తున్నాం అన్న ముక్క మూడుసార్లు చదువుకుని, తర్వాత మొదటికి వచ్చాను. ముప్పై ఏళ్ళ కింద వేసినప్పుడు ప్రెస్సువాళ్ళు నా నీలాన్ని చంపేశారు. నా వాన అంతా బూడిద పడుతున్నట్టు అచ్చయింది. అమ్మ కోసం బస్టాపులో నిలబడ్డ పిల్ల తడిసినట్టు కాదు, పొయ్యి ఊదినట్టు కనబడుతుంది. ఈసారి నువ్వున్నావు కదా, దగ్గరుండి వేయించు.

ఇక పాఠం. సంతకం చూడకు, అది వాళ్ళు మన కోసం పెట్టేది. మొహాలు కూడా చూడకు. మొహం దగ్గర ప్రతివాళ్ళూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని గీస్తారు. ఎవరూ చూడరులే అనుకున్న చోట చూడు: కుర్చీ కాళ్ళు, చెప్పులు, గడ్డి, దూరంగా నడిచిపోయే జనం. అసలు చెయ్యి అక్కడ దొరికిపోతుంది.

నువ్వు పంపినవాళ్ళకి నేనే పేర్లు పెట్టేశాను. ఒకటో నంబరు తడిగుడ్డ. ఈయన గీత గీసి రంగు వేసే మనిషి కాదు, రంగు వేసి, అది ఎటు పారిందో చూసి, దాని మీద గీత గీస్తాడు. అందుకే ఇంటి ఎరుపు ఇంట్లో ఉండకుండా వీధిలోకి వచ్చేసింది. తప్పు కాదు, ఆయన ఇళ్ళన్నీ అలా బయటికి వస్తూనే ఉంటాయి, చూడు. రెండో ఆవిడ కత్తెరమ్మ. కాగితాలు కత్తిరించి అంటించింది, గీతన్నదే లేదు. కళ్ళు గమనించావా? గుండ్రాలు అంటించలేదు, చిల్లులు పెట్టింది. వెనకున్న రంగే ఆ పిల్లల చూపు. మూడో ఆయన దువ్వెన. వెయ్యి సన్న గీతలు, ఒక్కటి వణకలేదు. కానీ ఆకాశాన్ని కూడా దువ్వేశాడు. పనిమంతుడే, ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పినట్టు లేరు.

నాలుగో బొమ్మ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. వంటగది అది. ఆ గదిలో బల్ల గీయలేదు, చూశావా? నాలుగు కప్పులు, ఒక చెంచా, అన్నీ ఒకే ఎత్తులో గాలిలో ఉన్నాయి. బల్ల మనమే వేసుకున్నాం. ఈమె ఎవరో గాని నేను పెట్టిన పేరు ఖాళీ. ఆడమనిషేనని ఎలా తెలిసిందని అడగకు, తెలిసింది.

ఐదో వాడి గురించి రాయబుద్ధి కావటం లేదు గాని రాస్తాను. అది నా చెయ్యి. నా పాళీ ఒకటుండేది, కింద పడి ఒక కొస వంగి, ఎడమవైపు తిరిగేది కాదు. కొత్తది కొనక అలాగే లాక్కొచ్చాను. అందుకే నా మనుషుల మోచేతులన్నీ గోడ మూలల్లా ఉంటాయి. వీడి పాళీకి ఏ రోగమూ లేదు, గీత ఎటు కావాలంటే అటు తిరుగుతోంది. అయినా మోచేతులు మాత్రం మూలలే. దొంగతనం చేసేవాడు మంచివి చెయ్యొచ్చు కదా, నా అవిటితనమే దొరికిందా?

రోజుకొక బొమ్మ ముందు పెట్టుకుని మూడు వాక్యాలు రాయి. "బాగుంది", "అందంగా ఉంది" అన్న మాటలు రాకూడదు. కష్టం, తెలుసు.

అటక మీంచి పెట్టె దింపించి నా అసలు బొమ్మలు బయటికి తీశాను. ఇరవై నాలుగూ ఉన్నాయి. రొట్టె మెత్తటి భాగం ఉండ చేసి మరకల మీద అద్దుతున్నాను, మురికి దానికి అంటుకుని వచ్చేస్తుంది. పుస్తకం మళ్ళీ వస్తోందని మా కింది అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరుకి చెప్పాను, రోగులు కూర్చునే గదిలోకి రెండు కాపీలు కావాలన్నాడు.

మెడ పట్టేసిన
అత్త

*

జనవరి 28
(రాసి, పోస్టు చెయ్యని ఉత్తరం)

అత్తా,

నువ్వు తప్పుగా చదివావు. కాదు, తప్పుగా చదివేలా నేను రాశాను.

బొమ్మలు మళ్ళీ వేయిస్తున్నాం అంటే నీ బొమ్మలు మళ్ళీ అచ్చు వేయిస్తున్నామని కాదు. వేరేవాళ్ళ చేత కొత్తగా బొమ్మలు వేయిస్తున్నామని. కథ పాతదే ఉంటుంది, బొమ్మలు మారతాయి. నీకు పంపిన ఐదుగురూ అందుకోసం మా పెద్దాయన ఏరిపెట్టినవాళ్ళే. వాళ్ళలో ఒకరు నీ చోట కూర్చుంటారు.

"గీయిస్తున్నాం" అని రాయబోయాను. పెన్ను అక్కడ ఆగింది. "వేయిస్తున్నాం" అన్నాను. పుస్తకమూ వేస్తారు, బొమ్మా వేస్తారు, ఆ మాట రెండు వైపులా తిరుగుతుందని నాకు అప్పుడే తెలుసు. లెక్కల పుస్తకంలో ఒక గుర్తుకి రెండు అర్థాలు ఉంటే ఎర్ర సిరాతో చుట్టి పంపేదాన్ని. నా ఉత్తరంలో దాని వెనక దాక్కున్నాను. నువ్వు రొట్టెతో మరకలు తుడుస్తున్నావని చదివి

*

జనవరి 30

అత్తా,

నీ పాఠం పనిచేస్తోంది. నోటుబుక్కు కొన్నాను. మొదటి రెండు రోజులూ మూడు వాక్యాల్లో రెండు కొట్టివేతలే. మూడో రోజు గోడ మీద ఒక బొమ్మలో బాతుల కాళ్ళన్నీ ఒకే వైపు చూస్తున్నాయని కనిపెట్టాను. సంతకం చూడకుండా ఎవరిదో చెప్పాను. పక్కగదిలో అక్షరాల పొందిక చూసే ఆవిడ నన్ను తేరిపార చూసింది.

ఐదుగురినీ వాళ్ళు పనిచేసే చోటికి వెళ్ళి కలిశాను. తడిగుడ్డ గారింట్లో నేల కనబడదు, అన్నీ తడి కాగితాలే. గోడవారన ఒక అడుగు వెడల్పు దారి వదిలాడు, నేను దాని మీదే నడిచి వెళ్ళి దాని మీదే తిరిగొచ్చాను. రంగు ఆరేదాకా ఆయన పేపరు చదువుకుంటాడు. దువ్వెన గారు వైద్య కళాశాల పుస్తకాలకి నరాలు, కండరాలు గీస్తారు. "అక్కడ ఒక్క గీత తగ్గినా మనిషి బతకడమ్మా" అన్నారు. ఆకాశం సంగతి ఎత్తలేదు.

కత్తెరమ్మ చొక్కాల కర్మాగారంలో పన్నెండేళ్ళు కాలర్లు కత్తిరించిందట. అదే కత్తెర ఇప్పటికీ వాడుతుంది. పిల్లల్ని, చెట్లని కొత్త కాగితంలోంచి కత్తిరిస్తుంది గాని పిట్టల్ని మాత్రం రాలిన ముక్కలతోనే చేస్తుంది. ఆమె పిట్టల రెక్కలు చూడు, అన్నీ కాలర్లే. ఇది నాకు నేనే కనుక్కున్నాను, ఆమె చెప్పలేదు.

ఖాళీ నిజంగా ఆడమనిషే. పొద్దున కళ్ళజోళ్ళ దుకాణంలో పని, మధ్యాహ్నం బొమ్మలు. బల్ల ఎందుకు గీయలేదని అడిగాను. "కప్పులున్నాయి కదండీ" అంది.  ఆ గంటలో ఆమె మాట్లాడిన మాటలన్నీ పోస్టుకార్డు మీద పడతాయి.

నువ్వు తిట్టిన ఐదో ఆయన గురించి చెప్తాను, కోపం పక్కన పెట్టి విను. ఆయనకి నలభై దగ్గర ఉంటాయి, బళ్ళో డ్రాయింగు మాస్టారు. ఎనిమిదేళ్ళప్పుడు కాలు విరిగి, అది సరిగా అతక్క ఏడాది మంచం మీద ఉన్నాడట. మంచం పక్కన ఒకటే పుస్తకం, 'గొడుగు మరచిన రోజు'. అందులో బొమ్మలు చూసి చూసి గీయడం నేర్చుకున్నాడు. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది, అట్ట ఊడిపోతే టేపు వేశాడు. మోచేతులు ఎందుకు అలా గీస్తారని అడిగాను. ఆయన తన మోచెయ్యి మడిచి చూసుకుని "మోచెయ్యి అలాగే కదండీ ఉంటుంది" అన్నాడు.

నీలం సంగతి పెద్దాయనతో మాట్లాడతాను. బొమ్మల గురించి ఆందోళన పడవద్దు. మిగతా విషయాలు తర్వాత వివరంగా రాస్తాను.

నీ
మేనకోడలు

*

ఫిబ్రవరి 11

లెక్కల పిల్లా,

మోచేతుల మాస్టారి సంగతి చదివి పెద్దగా నవ్వాను. కాసేపటికి నవ్వు ఆగింది. నా పాళీకి పట్టిన రోగాన్ని మంచం మీద ఉన్న పిల్లవాడికి అంటించానన్నమాట. దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు ఆయనకి చెప్పలేదు కదా?

కత్తెరమ్మ పిట్టల్ని పట్టుకున్నావు, శభాష్. నేను పట్టుకోలేదు, మళ్ళీ తీసి చూశాను, కాలర్లే. ఇక నీకు నా అవసరం ఎంతో కాలం ఉండదు.

ఇరవై నాలుగు బొమ్మలూ శుభ్రమయ్యాయి. ఒక్కోదాని మీద పల్చటి కాగితం కప్పి, చెక్కపలకల మధ్య బిగించి, నిన్న రిజిస్టరు పార్సిల్లో పంపాను. నీలం ఎంత ఉండాలో తెలియడానికి వేరే కాగితం మీద రంగు పూసి పెట్టాను, దాన్ని ప్రెస్సు అతని మొహం ముందు పట్టుకో. మీ నాన్నకి కూడా ఫోను చేసి చెప్పాను. ఫోను ఎత్తి రెండు నిమిషాలు మాట్లాడాడంటే అన్నయ్య ఎంత సంతోషించాడో నీకు తెలుస్తుంది.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరం చివరి నాలుగు ముక్కలూ నీ చెయ్యి కాదు. పైనంతా అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చి, అక్కడ మాత్రం బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. నువ్వు కుదురుగా రాసేది అబద్ధం చెప్పేటప్పుడే. చిన్నప్పుడు బడికి సెలవు చీటీలు అలాగే రాసేదానివి, మీ నాన్న సంతకం కూడా కుదురుగా పెట్టేదానివి. ఏమిటి సంగతి? కొత్త పని చేతకావటం లేదనా? లెక్కలకి తిరిగి వెళ్ళిపోదామనుకుంటున్నావా? వెళ్ళకు. నీకు కన్ను ఉంది.

అత్త

*

ఫిబ్రవరి 17

అత్తా,

పార్సిలు వచ్చింది. నేను లేనప్పుడు వచ్చింది. పెద్దాయన సమావేశం బల్ల మీదే విప్పించి, నేను వెళ్ళేసరికి పల్చటి కాగితాలు ఒక్కొక్కటీ ఎత్తి చూస్తున్నాడు. నా వైపు తిరిగి, "ఇవి పాతవి కదమ్మా, మనకెందుకు పంపారు?" అన్నాడు. గదిలో ఆరుగురున్నారు.

లెక్కలకి తిరిగి వెళ్ళే సంగతి కాదు. ఆ పుస్తకంలో నీ బొమ్మలు ఉండవు. వాటిని తీసేసి, వేరే చిత్రకారుల చేత కొత్తవి గీయిస్తున్నాం. ఇది నేను రాకముందే తీసుకున్న నిర్ణయం. లైబ్రరీలవాళ్ళు పిల్లలు ఆ పుస్తకం తీయటం లేదన్నారట. మొదటి ఉత్తరంలో "మళ్ళీ వేయిస్తున్నాం" అని రాసింది దీని గురించే. నువ్వు అచ్చు అనుకున్నావు. నువ్వు అలా అనుకున్నావని జనవరిలోనే నాకు తెలుసు. చెప్పేస్తూ ఒక ఉత్తరం మొదలుపెట్టి సొరుగులో పడేశాను. నువ్వు ఒక్కో బొమ్మా తుడుస్తుంటే చూస్తూ ఊరుకున్నాను.

పెద్దాయనకి ఏం చెప్పానో కూడా రాస్తాను. "పొరపాటున పంపినట్టున్నారండీ" అన్నాను. పొరపాటు నీదన్నట్టు చెప్పాను.

*

ఫిబ్రవరి 22

బొమ్మల విభాగం సంపాదకురాలు గారికి,

మీ ఉత్తరం అందినది. పుస్తకానికి ఎవరి చేత బొమ్మలు గీయించుకోవాలన్నది మీ సంస్థ ఇష్టం. నా అభ్యంతరం ఏమీ లేదు.

నాకు చెందిన ఇరవై నాలుగు బొమ్మలు మీ వద్ద ఉన్నవి. తడవకుండా, మడత పడకుండా తిప్పి పంపగలరు. నీలం నమూనా పంపనక్కరలేదు, పారవేయవచ్చును.

పళ్ళ డాక్టరు గారికి, మీ నాన్నగారికి నేనే చెప్పుకుంటాను. మీరు శ్రమ పడవద్దు.

ఇట్లు,
చిత్రకారిణి

*

మార్చి 3

అత్తా,

నువ్వు నన్ను మీరు అన్నావు. ఆ ఉత్తరం పట్టుకుని బస్సులో రెండు స్టాపులు దాటిపోయాను. "అందినది", "ఉన్నవి" అని రాశావు. నీకు ఒళ్ళు మండితే భాష అలా ఇస్త్రీ చేసినట్టు అయిపోతుందని నాన్న చెప్పాడు. తిట్టినా బాగుండేది.

బొమ్మలు ఈ ఉత్తరంతో పాటే వస్తాయి, నేనే కట్టాను. ఆలస్యానికి కారణం ఉంది. కట్టేముందు ఇరవై నాలుగింటినీ నా గదిలో పెట్టుకుని, పూటకి రెండు మూడు చొప్పున, నువ్వు చెప్పినట్టే మూడేసి వాక్యాలు రాశాను. చిన్నప్పటి నుంచీ ఆ పుస్తకం మన ఇంట్లో ఉంది. నేను దాన్ని చూడటం ఇదే మొదటిసారి.

మొదటి పన్నెండు బొమ్మల గురించి రాస్తుంటే మూడు వాక్యాలు చాలలేదు. బస్టాపులో పెద్దావిడ సంచీ పట్టుకున్న తీరు చూస్తే అందులో ఏదో పగిలేది ఉందని తెలుస్తుంది. కండక్టరు ఒంటి కాలి మీద బరువు వేసి నిలబడ్డాడు, పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాడని అర్థమవుతుంది. పిల్ల మేజోడు ఒకటి జారిపోయింది, ప్రతి బొమ్మలోనూ ఇంకొంచెం జారుతుంది. అచ్చులో ఇదేదీ కనబడలేదు.

పదమూడో బొమ్మ కింద కథలో ఒకటే వాక్యం. 'అమ్మ ఇంకా రాలేదు.' అక్కడ పిల్ల మనకి వీపు పెట్టి నిలబడింది. పద్నాలుగులోనూ అంతే. చివరిదాకా అంతే. అమ్మ వచ్చినప్పుడు కూడా అమ్మ చెయ్యే కనబడుతుంది, పిల్ల మొహం కనబడదు. మేజోడు జారడం ఆగిపోయింది. గడ్డి అంతా ఒకే రకంగా ఉంది. ఎవరూ చూడరులే అనుకున్న చోట చూడమన్నావు, చూశాను. అక్కడి నుంచి నీ చెయ్యి లేదు.

అందుకని ఇది పెద్దాయన మాట కాదు, లైబ్రరీల మాట కాదు, నా మాటే. ఈ పుస్తకానికి కొత్త బొమ్మలు కావాలి. ఈ మాటకి నిన్ను క్షమించమని అడగను. ఆ "వేయిస్తున్నాం"కి, "పొరపాటున పంపారు"కి మాత్రం అడుగుతున్నాను. రోజూ అడగమన్నా అడుగుతాను.

నెలాఖరుకల్లా పేరు చెప్పాలి. పెద్దాయన మోచేతుల మాస్టారినే అంటున్నాడు, పాత పుస్తకం పోలిక ఉంటుంది, అందరికీ నచ్చుతుందని. నాకు మాత్రం ఖాళీ చేత గీయించాలని ఉంది. కానీ నాకున్న కన్ను నువ్వు పెట్టిందే, దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియటం లేదు. నువ్వు జవాబు రాయకపోతే అది కూడా న్యాయమే.

అక్షరాలు చూసుకో, కుదురుగా లేవు.
నీ మేనకోడలు

*

మార్చి 15

లెక్కల పిల్లా,

కోపం పోలేదు. పోయిందనుకుని సంబరపడకు.

నీ ఉత్తరం చదివి చెత్తబుట్టలో వేశాను. బుట్ట చిన్నది, అది పైకే కనబడుతూ ఉంది. సాయంత్రం తీసి, బొమ్మల కట్ట విప్పి, పదమూడో దాని నుంచి నేల మీద పరిచాను. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కోటీ చూశాను. వీపు, వీపు, వీపు. పన్నెండు వీపులు.

ఇది మీ నాన్నకి కూడా తెలియదు. ఆ పుస్తకం వేస్తున్నప్పుడే మీ నాయనమ్మని ఆసుపత్రిలో చేర్చాం. పగలు నా వంతు. వరండాలో బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని గీసేదాన్ని. గడువు దగ్గర పడింది, కథ రాసినాయన మంచివాడే గాని ప్రెస్సువాళ్ళు ఆగరు. పదమూడో బొమ్మ పెన్సిలుతో గీసుకున్నాను. పిల్ల ఇటు తిరిగే ఉంది, మొహం ఒక్కటి మిగిలింది. నర్సు వచ్చి లోపలికి పిలిచింది. మళ్ళీ ఆ బొమ్మ ముట్టుకునేసరికి పదకొండు రోజులయింది, అమ్మ లేదు.

'అమ్మ ఇంకా రాలేదు.' ఆ వాక్యం కింద ఆ పిల్ల మొహం గీయాలి నేను. ఎన్నిసార్లు చెరిపానో, కాగితం నూగు లేచింది. చివరికి పిల్లని అటు తిప్పేశాను. తిప్పాక హాయిగా అనిపించింది. ఇంక ఇటు తిప్పలేదు. ఎవరైనా పట్టుకుంటారని భయపడుతూ తీసుకెళ్ళాను. అప్పటి సంపాదకుడు "కొత్త కోణం, ఎంత గుంభనంగా ఉందో" అన్నాడు. తర్వాత చాలామంది అదే అన్నారు. ముప్పై ఏళ్ళు ఆ మెచ్చుకోళ్ళు తింటూ కూర్చున్నాను. నువ్వు ఒక్కదానివి పట్టుకున్నావు. నేర్పినందుకు బుద్ధి వచ్చింది.

ఇప్పుడు పని మాట. కోపం వేరు, పని వేరు. మాస్టారికి ఇవ్వకు. ఆయన చెయ్యి మంచిదే, కానీ ఆయనకి నేనంటే ప్రేమ. ఆ ప్రేమ కొద్దీ ఆ పిల్లని మళ్ళీ అటే తిప్పుతాడు. పిల్ల అలాగే కదండీ నిలబడుతుంది అంటాడు. ఆయనకి వేరే పుస్తకం ఇవ్వు, మంచిది చూసి ఇవ్వు. వీలున్నప్పుడు ఒకసారి నా దగ్గరికి రమ్మను. ఆ పాళీ ఇంకా ఉంది, చూపిస్తాను. చూస్తే బాధ పడతాడో, నవ్వుతాడో.

ఖాళీకి ఇవ్వు. నా బొమ్మలు ఆమెకి చూపించకు, చూపించమని అడిగినా పనయ్యాకే అను. పదమూడో బొమ్మ గురించి ఒక్క ముక్క చెప్పకు. మొహం అక్కరలేదని ఆమెకి తోస్తే వదిలెయ్యనీ. ఆమె వదిలేసేది వేరు, నేను వదిలేసింది వేరు.

పెద్దాయన ఒప్పుకోకపోతే ఒప్పించు. నా దగ్గర చూపించిన నోరు అక్కడ చూపించు.

అత్త

*

జూన్ 2

అత్తా,

పెద్దాయనని ఒప్పించడానికి మూడు సమావేశాలు పట్టింది. మూడోదాంట్లో నా నోటుబుక్కు తీసి, ఎవరి చెయ్యి ఎలాంటిదో, ఈ కథకి ఎవరిది ఎందుకు సరిపోతుందో ఒక్కొక్కటే చదివాను. ఆయన మధ్యలో ఆపి, "ఇదంతా ఎక్కడ నేర్చావు?" అన్నాడు. "నేర్చుకునేదేముందండీ, బొమ్మలత్త మేనకోడల్ని కదా" అన్నాను. ఫిబ్రవరిలో పార్సిలు పొరపాటున రాలేదని, నేనే నిన్ను తప్పుదారి పట్టించానని కూడా ఆ ఆరుగురి ముందే చెప్పాను. మాస్టారికి పడవల పుస్తకం ఇచ్చాం, సెలవుల్లో నీ దగ్గరికి వస్తానన్నాడు.

ఖాళీ నిన్న ఇరవై నాలుగూ తెచ్చి ఇచ్చింది. నువ్వన్నట్టే నేనేమీ చెప్పలేదు. పదమూడోదానికి నకలు తీయించి పంపుతున్నాను. దాని గురించి మూడు వాక్యాలు రాద్దామని కూర్చుని, ఒక్కటి కూడా రాయలేకపోయాను. నువ్వే చూడు.

నీ
మేనకోడలు

*

జూన్ 10

లెక్కల పిల్లా,

కవరు పొద్దున వచ్చింది. చేతులు కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని విప్పాను.

నిజం చెప్పాలంటే అసూయ పడ్డాను.  అది ఖాళీ గీసింది కదా, నేను గీయాల్సింది కదా అనుకున్నాను. పెట్టుకున్న టీ తాగలేదు. తప్పులు వెతుకుదామని చెప్పులు చూశాను, చేతులు చూశాను. చెప్పుల కింద తడి ఉంది, వాన లేదు. బస్టాపు గీయలేదు, పిల్ల ఒక్కత్తీ ఉంది, అయినా చుట్టూ జనం ఉన్నారని తెలుస్తోంది, ఎవరూ తగలకుండా భుజం కాస్త ముడుచుకుంది. ఒక్క తప్పు దొరకలేదు. మధ్యాహ్నానికి ఆకలేసింది, అన్నం తిని మళ్ళీ కూర్చున్నాను. అసూయ కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆమె మంచి చిత్రకారిణి అనడానికి అంతకంటే రుజువు నా దగ్గర లేదు.

అప్పుడు మొహం చూశాను. అంతసేపూ చూడకుండా తప్పించుకున్నాను.

పిల్ల ఇటు తిరిగింది. ఏడవటం లేదు. నేనైతే ఏడిపించేదాన్ని. నోరు కాస్త తెరిచి ఉంది, పిలవబోయి ఆగినట్టు. మనల్ని చూడటం లేదు, మన వెనకెక్కడో, దారి చివర చూస్తోంది. వచ్చేవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ అమ్మ అనుకుని, కాదనుకుని, మళ్ళీ తర్వాతివాళ్ళని చూస్తోంది. నేను వెనక్కి తిరిగి చూశాను కూడా. గోడ ఉంది.

ఆ వరండాలో అద్దం లేదు. ఎవరు తలుపు తీసినా లేచి నిలబడేదాన్ని. అలా పదిహేడు రోజులు కూర్చున్నాను. నా మొహం అప్పుడు ఎలా ఉండేదో నాకు తెలియదు, తెలియకే గీయలేకపోయాను.

అలా ఉండేదన్నమాట.

అత్త